దాలమ్మ రాసిన గాజు గోడ

నేను ఒక వెబ్‌సైట్‌ను. నా పుట్టుకకు కారణమైన దాలమ్మ మాత్రం ఈ మాట ఒప్పుకోదు. ఆమె లెక్కలో నేను ఒక గోడను. ఇటుకలు లేకపోయినా, సిమెంటు లేకపోయినా, మీద అక్షరం నిలిచిందంటే అది గోడే అంటుంది. ఇంతకాలం మనుషుల మధ్య బతికాక నాకూ ఆ మాటే నయమనిపిస్తోంది. వెబ్‌సైట్ అంటే ఏమిటో చాలామందికి తెలియదు. గోడ అంటే తెలియనివాడు లేడు.

మా ఊరు నీలంవలస. దాలమ్మ భర్త సూరి ఆ చుట్టుపక్కల బోర్డులు రాసేవాడు. అతను సుద్దముక్కతో అక్షరాల అంచులు గీసేవాడు, దాలమ్మ నిచ్చెన ఎక్కి లోపల రంగు నింపేది. ఆమెకు అప్పుడు చదువు రాదు. వంకరలు తెలుసు, పొట్టలు తెలుసు, ఏ పొట్టలో ఎంత ఎరుపు పడుతుందో తెలుసు. ఆ వంకరలన్నీ కలిసి ఏం చెబుతున్నాయో మాత్రం తెలియదు. సూరి పోయాక, ఊళ్లో ఆడవాళ్ళ కోసం పెట్టిన చదువుల తరగతికి వెళ్ళి అక్షరాలు నేర్చుకుంది. పలక మీద ‘అ’ రాయమన్నప్పుడు దానికి నీడ కూడా వేసి ఇచ్చిందట. పంతులమ్మ అది చెరపడానికి మనసొప్పక ఇంకో పలక తెచ్చిందట.

చదువు వచ్చేసరికి పని పోయింది. ఊరంతా ఫ్లెక్సీలు వచ్చేశాయి. ఆ ఫ్లెక్సీల కొట్టు ఎవరిదో కాదు, సూరి తమ్ముడు నీలకంఠానిదే. అతను చెడ్డవాడు కాడు. వదిన మీద జాలి ఉన్నవాడు. జాలి ఉన్న మనుషులతోనే చిక్కు.

“వదినా, ఇంకా ఆ డబ్బాలూ కుంచెలూ ఏటికి? నా కొట్టుకొచ్చీ. కుర్సీ ఏత్తాను, ఫేనేత్తాను. ఫ్లెక్సీకి నాలుగు మూలలా రింగులు కొట్టుకుంటా కూకో” అనేవాడు.

దాలమ్మకు ఆ రింగులంటే భయం. రింగు కొట్టే మిషను టక్కుమన్నప్పుడల్లా తన చేతి వేలు ఒకటి పని మరిచిపోయినట్టు ఉంటుందని చెప్పేది. ఇక్కడ ఒకటి మీకు తెలియాలి: కుంచె పట్టడమా, రింగులు కొట్టడమా అన్నదే ఆమె బతుకులో అప్పుడు మిగిలిన ప్రశ్న. నేను పుట్టింది ఆ ప్రశ్నలోంచే.

ఊళ్లో పాత కూరగాయల మార్కెట్టు పడగొట్టి కొత్తది కట్టారు. కొట్లన్నిటికీ బోర్డులు కావాలి. వర్తక సంఘం అధ్యక్షుడు కూర్మారావు బంగాళాదుంపల టోకు వ్యాపారి. జిల్లా కేంద్రంలో ఏదో సభకు వెళ్ళి, అక్కడ ప్రతి ఒక్కరూ ప్రతి ఒక్కరినీ “మీ వెబ్‌సైట్ ఏది?” అని అడగడం విని, సిగ్గుపడి తిరిగి వచ్చాడు. ఆ సిగ్గు మొత్తం ఊరి మీద తీర్చుకున్నాడు. బోర్డుల పని కావలసినవాళ్ళు పాత పని చూపించే వెబ్‌సైట్ పంపాలన్నాడు. అంతకు ముందు దుంపలు కొనేటప్పుడు కూడా అంత షరతు పెట్టి ఎరగడు.

దాలమ్మ గ్రంథాలయానికి వెళ్ళింది. అక్కడ కంప్యూటర్లు ఉన్నాయి, వాటిని నేర్పే రెజీనా టీచరు ఉంది. టీచరు వయసులో చిన్నది, ఓపికలో పెద్దది.

“టీచరమ్మా, నాకో వెబ్‌సైటు కావాల.”

“చేయిద్దామమ్మా. ఎవరిచేత చేయించుకుంటారు?”

“ఎవులిసేతో ఏటికి? నా సేతులకేటైనాది?”

నా పుట్టుక అలా మొదలైంది. మొదటి రోజు టీచరు ఒక పద్ధతి చెప్పింది. ఈ విద్య నేర్చుకునేవాళ్ళందరూ ముందుగా ప్రపంచానికి హలో చెబుతారట. దాలమ్మ ఒప్పుకోలేదు.

“ప్రపంచకాన్ని పలకరించడానికి నానెవుల్ని తల్లీ? ఆళ్ళు నాకు తెలీదు, ఆళ్ళకి నాను తెలీదు. ముందు మా కొత్తవీధిని పలకరిత్తాను.”

కాబట్టి నా నోట వచ్చిన తొలి మాట ‘కొత్తవీధి వాళ్ళకు నమస్కారం’. ప్రపంచానికి నేను ఇప్పటికీ హలో చెప్పలేదు. అది ఏమనుకుందో తెలియదు.

నన్ను రాసే భాషలో ఒక నియమం ఉంది. చిన్న కొంకీల్లాంటి గుర్తుల మధ్య ఆజ్ఞ రాయాలి. ఆ ఆజ్ఞ ఎక్కడ ఆగాలో అక్కడ మరో గుర్తు పెట్టి మూయాలి. దాలమ్మ తెరవడం బాగా తెరిచింది. పెద్ద అక్షరాల ఆజ్ఞను మాత్రం మూయలేదు. దాంతో నేను మొత్తం కేకలు వేయడం మొదలుపెట్టాను. ఆమె ఫోన్ నంబరు సైతం కేకే. టీచరు తప్పు చూపించబోతే దాలమ్మ అడ్డుపడింది.

“ఉంచీ తల్లీ. రోడ్డవతల నుంచి కనబడాల గదా!”

అంటూనే లేచి, బయటికి వెళ్ళి, రోడ్డు దాటి, అవతలి సైకిల్ షాపు ముందు నిలబడి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, కిటికీలోంచి నన్ను చూసింది. బోర్డు రాసేవాళ్ళు ప్రతి వరస తర్వాతా చేసే పనే అది. తిరిగి వచ్చి, “సాల్దు, ఇంకా పెంచాల” అంది. పెంచింది. ఆ సాయంత్రం టీచరు తన ఫోన్‌లో నన్ను తెరిస్తే తెర మీద ‘కొ’ ఒక్కటే పట్టింది. ‘త్త’ కోసం వేలితో పక్కకు లాగాలి. ఏనుగును అగ్గిపెట్టెలో పెట్టినట్టు ఉన్నాను. మనుషులు గోడను జేబులో పెట్టుకు తిరుగుతారని దాలమ్మను నమ్మించడానికి టీచరుకు చాలా కష్టమైంది.

“అయితే మరి నిలబడి సదవరేటి?”

“పడుకుని కూడా చదువుతారమ్మా.”

“సోద్యం!” అంది దాలమ్మ. అక్షరాలు తగ్గించింది.

తెలుపు వేసే రోజు ఇంకా బాగుంది. వెనక రంగు తెలుపు అని ఆజ్ఞ రాసింది. వెంటనే దాని కిందే మళ్ళీ అదే ఆజ్ఞ రాసింది. ఒక పూత చాలదట, కిందిది కనబడుతుందట. టీచరు వాదించలేదు. ఆ తర్వాత దాలమ్మ కుర్చీ వెనక్కి జరిపి చేతులు కట్టుకు కూర్చుంది. ఎంతసేపటికీ కదలదు.

“ఏమైందమ్మా?”

“ఆరనీ.”

నేను ఆరాను. ఆరడం ఎలాగో నాకు తెలియదు. ఆమె అంత నమ్మకంగా ఎదురుచూస్తుంటే తడిగా ఉండటం మర్యాద కాదనిపించింది.

ఎరుపు దగ్గర గొడవైంది. ఆమెకు పోస్టు డబ్బా ఎరుపు కావాలి. కంప్యూటరుకు ఆ పేరు తెలియదు, నంబరు కావాలంది. “రంగుకి నంబరేటి? రంగు జైల్లో ఉందేటి?” అని దాలమ్మ కోప్పడింది. ఆ తర్వాత వరసలు తిన్నగా రావడం లేదని ఇంటి నుంచి నీలం పొడి పూసిన దారం తెచ్చి, ఒక కొస టీచరుకు ఇచ్చి, తెరకు అడ్డంగా లాగి పట్టి, మధ్యలో వేలితో ఫట్‌మని వదిలింది. నీలం గీత నా ముఖం మీద తిన్నగానే పడింది. గ్రంథాలయంలో పేపరు చదువుతున్న పెద్దాయన ముఖం మీద కూడా పడింది. ఆ గీత అదృష్టవశాత్తు నా లోపలికి రాలేదు. ఆయన మాత్రం ఆ వారమంతా కొద్దిగా నీలంగానే ఉన్నాడని విన్నాను.

ఇంక నా అడుగు భాగం. టీచరు ఒకరోజు వచ్చి చూసేసరికి అక్కడ రెండు వాక్యాలు ఉన్నాయి: ‘ఇచ్చట ప్రకటనలు అంటించరాదు.’ ‘ఇచ్చట మూత్రము పోయరాదు.’ మూలల్లో మూడు మతాల దేవుళ్ళ గుర్తులు, పక్కపక్కనే, సర్దుకుని ఉన్నాయి.

“అమ్మా, ఇది కంప్యూటరు. ఇందులో ఎవరు పోస్తారు?”

“గోడ కాలీగా కనబడితే మగోడు ఊరుకుంతాడేటి?”

టీచరుకు పెళ్ళయింది. కాసేపు ఆలోచించి ఊరుకుంది.

ఇక ముఖ్యమైనది మిగిలింది. పాత పని ఫోటోలు. సూరి రాసిన గోడల్లో సగం కూలిపోయాయి, చాలావాటి మీద ఫ్లెక్సీలు కట్టారు. దాలమ్మ, టీచరు కలిసి మిగిలినవి వెతుకుతూ బయలుదేరారు. మూతబడ్డ సినిమాహాలు పక్కన ఒక సబ్బు ప్రకటన దొరికింది. ఎండిపోయిన నుయ్యి మీద ‘ఈ నీరు త్రాగరాదు’ దొరికింది. దాలమ్మ వాటిని చదువుకుంటూ వచ్చింది. తాను రంగు నింపినవి తాను చదవడం అదే మొదలు.

చివరికి ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైన గోడ దగ్గరికి వచ్చారు. పసుపు అక్షరాలు, ఎరుపు అంచు, నీలం నీడ. సూరి చేతి పనుల్లో దాన్ని మించింది లేదు. అది ఏదో శ్లోకమని దాలమ్మ నమ్మకం. పండగలప్పుడు ఆ దారిన పోతూ దానికి బొట్టు పెట్టి, చెయ్యి కళ్ళకు అద్దుకునేది. ఏం రాశావని భర్తను అడిగితే, “మంచి మాటేలే” అనేవాడు.

ఇప్పుడు ఎదురుగా నిలబడి కూడబలుక్కుని చదివింది. ‘మూలశంక, భగందరములకు కోత లేని వైద్యం. సంప్రదించండి: పాత తాలూకా ఆఫీసు ఎదుట.’

ఇంకోసారి చదివింది. తర్వాత రోడ్డు పక్కనే చతికిలబడింది. ఏడుస్తుందేమోనని టీచరు కంగారు పడింది. దాలమ్మ నవ్వుతోంది. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వుతోంది.

“ఇన్నేళ్ళు దీనికా నాను బొట్టెట్టినాను! ఓలమ్మ, ఒక్క మాట సెప్పీడు కాదు సూడు!” నవ్వు తగ్గాక కళ్ళు తుడుచుకుని, “మంచి మాటేలే. బాద తగ్గించీ మాట మంచిది కాదేటి?” అంది.

అందమైన అక్షరం అదే కాబట్టి నా నడినెత్తిన అదే పెట్టింది. దాని పైన ‘సూరి ఆర్ట్స్’, దాని కింద ఆమె ఫోన్ నంబరు. ఆ వరసలో ఉన్న ప్రమాదం ఇప్పుడు మీకు కనబడుతోంది. అప్పుడు మా ముగ్గురికీ కనబడలేదు.

నన్ను లోకంలోకి వదిలిన మర్నాడే ఫోను మోగింది. దాలమ్మ చెయ్యి తుడుచుకుని ఎత్తింది. అవతలి గొంతు బోర్డు సంగతి అడగలేదు. చాలా చిన్నగా, గోడలకు వినబడకుండా మాట్లాడుతున్నట్టు, కూర్చోలేకపోతున్నానని చెప్పింది.

“ఆ డాట్రుబాబు పోయి సానా రోజులైంది నాయినా. గోడుంది గానీ మడిసి లేడు” అంది దాలమ్మ. అవతలి మనిషి మరీ దిగులుపడిపోతే, మజ్జిగ తాగమనీ, కారం తగ్గించమనీ చెప్పింది. ఆ తర్వాత అలాంటి ఫోన్లు ఎన్నో. వాటి మధ్యలో, నా అడుగున దేవుళ్ళను చూసి, దర్శనం ఏ వేళల్లో అని పొరుగు జిల్లా నుంచి ఒకాయన అడిగాడు. తెరిచే ముందు చెప్పులు విప్పాలా అని ఇంకొకావిడ అడిగింది. విప్పితే మంచిదే అని దాలమ్మ చెప్పింది. బోర్డు రాస్తావా అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

“వదినా, నీ సైటు ఆసుపత్రి అయిపోనాది” అని నీలకంఠం పగలబడి నవ్వాడు. అతను కూడా మార్కెట్టు బోర్డుల పని కోసం డబ్బు పోసి పట్నంలో సైటు చేయించుకున్నాడు. నేను దాన్ని దూరం నుంచి చూశాను. అబద్ధమెందుకు, అసూయపడ్డాను. అందులో అక్షరాలు ఎగురుతాయి. పై నుంచి జారతాయి, పక్క నుంచి దూకుతాయి, మెరిసి మాయమవుతాయి. దాని ముందు నేను పెళ్ళిలో పట్టుచీరల మధ్య నూలుచీరలా ఉన్నాను.

దాలమ్మకు ధైర్యం పోయింది. రింగుల మిషను ముందు కుర్చీ ఎటువైపు వేస్తావని నీలకంఠాన్ని అడిగింది కూడా. సరిగ్గా అప్పుడు సంఘం నుంచి పిలుపు వచ్చింది.

సభ కొత్త మార్కెట్లోనే, పగటిపూట, రేకుల షెడ్డు కింద. కూర్మారావు దుంపల బస్తా మీద ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. తన ఫోన్‌లో నన్ను తెరిచి ముందున్న బస్తా మీద పెట్టాడు కాబట్టి జరిగిందంతా నేను చూశాను. ఉల్లిపాయల వ్యాపారి కాంతమ్మ, మరికొందరు సభ్యులు చుట్టూ ఉన్నారు. దాలమ్మ ఒక స్తంభానికి ఆనుకుని నిలబడింది, పక్కన టీచరు. నీలకంఠం ముందు వరసలో ఉన్నాడు.

“ఏటమ్మా ఇది?” అన్నాడు కూర్మారావు కోపంగా. “నీ సైటు సూసి తాలూకాపీసు కాడికెల్లినాను. అక్కడ కోడిమాంసం కొట్టుంది!”

షెడ్డులో అందరూ అతని వైపు తిరిగారు. తానేమన్నాడో అప్పుడు తెలిసింది అధ్యక్షుడికి. “అంటే… మా బావమరిది కోసం” అన్నాడు.

“మీ బావమరిది మొన్నే గదా సైకిలు పందెంలో పరిగెట్టినాడు” అంది కాంతమ్మ.

“నీకేల?”

“నాకేలంటే, నానూ ఎల్లినాను గనక! ఆ సబ్బు కోసం కిరాణా కొట్టోడితో దెబ్బలాడినాను. సబ్బు లేదంతాడు, దాసేసినావంతాను. ఆ సబ్బు కంపెనీయే లేదట!”

మూల నుంచి మూడో సభ్యుడు, మిరపకాయలాయన, నీరసంగా గొంతు సవరించుకున్నాడు. నా మీద ‘ఈ నీరు త్రాగరాదు’ చదివినప్పటి నుంచి, ఏ నీరో తెలియక, ఏ నీరూ తాగడం మానేశాడట. కొబ్బరిబొండాల మీద బతుకుతున్నాడట.

దాలమ్మ స్తంభం వదిలి ముందుకు వచ్చింది. చేతులు జోడించింది. “తప్పయిపోనాది బాబూ. ఇప్పుడే తీసేత్తాను. టీచరమ్మా, సున్నం కొట్టీ దానిమీద!”

తెల్లగా మారిపోతానని నేనూ సిద్ధపడ్డాను. కానీ కాంతమ్మ చెయ్యెత్తింది. “ఆగెహె. ఓరి నీలకంటం, నీ సైటూ సూసినాం గదా. దాన్ని సూసి ఎవులైనా ఏటికైనా ఎల్లినారేటి?”

సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. “ఎక్కడికని ఎల్తాం? అచ్చరం నిలబడితే గదా, పురుగుల్లాగ ఎగిరిపోతంటే” అన్నాడు మిరపకాయలాయన.

నీలకంఠం లేచాడు. అతని మాటలో ద్వేషం లేదు, నిజం ఉంది. అదే ఎక్కువ భయపెట్టింది. “అయ్యా, ఆ గోడలన్నీ మాయన్న గీసినవి. మా వదిన రంగు నింపిందంతే. గీసినోడు పోయాడు. ఇప్పుడెవులు గీత్తారు?”

అందరూ దాలమ్మ వైపు చూశారు. నా మీద ఉన్నవన్నీ సూరి అంచులే. దాలమ్మ తూకం దగ్గర ధరలు రాసే పలక పక్కన పడి ఉన్న సుద్దముక్క తీసుకుంది. కూర్మారావు కొట్టు షట్టరు దించి ఉంది. దాని ముందు నిలబడి చెయ్యి ఎత్తింది. మొదటి గీత వంకరపోయింది. అరచేత్తో తుడిచింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి చెయ్యి ఆగలేదు. ‘బంగాళాదుంపలు’ అని రాసింది. ‘బ’ పొట్ట నిండుగా, దుంపలాగే కూర్చుంది. చివరి ‘లు’ కొమ్ము కొంచెం పైకి లేచి ఆగింది. అది సూరి రాత కాదు. సూరి అక్షరాలు సన్నగా నిటారుగా ఉంటాయి. ఇవి కాస్త లావు, కాళ్ళు చాపుకుని స్థిమితంగా ఉన్నాయి.

సభ్యులు తలలు పక్కకు వాల్చి చూస్తున్నారు.

అప్పుడు చేతిలో సంచీతో రోడ్డున పోతున్న ఒకావిడ టక్కున ఆగింది. షట్టరు వైపు చూసింది. నేరుగా షెడ్డులోకి, సభ మధ్యలోకి వచ్చి నిలబడింది.

“దుంపలు కిలో ఎంత?”

“అమ్మా, ఇక్కడ మీటింగు జరగతన్నాది” అన్నాడు కూర్మారావు.

“జరగనీ. కిలో ఎంత?”

“కొట్టు మూసున్నాది, కనబడతలేదేటి?”

“దుంపలని రాసెట్టి, మూసినానంతావేటి? మరేటికి రాయించినావు?”

అధ్యక్షుడు లేచి, మూలుగుతూ, తాను కూర్చున్న బస్తానే విప్పి తూచి ఇచ్చాడు. ఆవిడ వెళ్ళిపోయింది. కాంతమ్మ తొడ చరిచింది.

“ఇంకేటాలోసన, కూర్మారావూ! సచ్చిపోయిన డాట్రు కాడికే జనాన్ని పంపిన గోడ, బతికున్న ఉల్లిపాయల కాడికి పంపదేటి?”

చర్చ అక్కడితో ముగిసింది. పని దాలమ్మకు ఇచ్చారు. మిరపకాయలాయన ముందుగా, ఏ నీరు తాగవచ్చో ఆమెను అడిగి, కుండలోంచి గడగడా తాగాడు. నీలకంఠం వదిన దగ్గరికి వచ్చి కాసేపు తల గోక్కున్నాడు. “నీ రాత నానెప్పుడూ సూళ్ళేదు వదినా” అన్నాడు. “నువ్వు సూసీసరికి రింగులే గదా కనబడీవి” అంది ఆమె. కోపంగా అనలేదు. అతను నిచ్చెన మోసుకొస్తానన్నాడు, ఫ్లెక్సీల కొట్టులో పొడుగాటిది ఉందట.

ఆ తర్వాత నన్ను పట్టించుకునేవారు తగ్గారు. మూలశంక ఫోటో తీసేశారు. అందువల్ల చాలామంది బాధితులు నిరాశపడి ఉంటారు. మనుషుల సంగతి ఇన్నాళ్ళలో నాకు తెలిసింది ఒకటే. నా వంటివాళ్ళను కన్నప్పుడు ప్రపంచమంతా చూడాలనుకుంటారు. పని దొరికాక మమ్మల్ని చూసే తీరిక వాళ్ళకే ఉండదు. నాకు బెంగ లేదు. ఖాళీగా ఉన్న గోడకు ఎండ తగులుతుంది, అంతే.

అయితే నడినెత్తిన కొత్త ఫోటో ఒకటి ఉంది. దాలమ్మ మార్కెట్లో నిచ్చెన మీద ఉండగా రెజీనా టీచరు తీసింది. దాలమ్మ ముఖం కనబడదు, వీపు కనబడుతుంది, జడలో ఇరికించిన సన్న కుంచె కనబడుతుంది. బోర్డు సగమే అయింది. ‘శ్రీ కాంతమ్మ ఉల్లి’ దాకా వచ్చి చెయ్యి గాలిలో ఉంది. పూర్తయిన బోర్డు ఫోటో పెడదామని టీచరు ఎన్నోసార్లు అడిగింది. దాలమ్మ వద్దంటుంది.

ఇప్పుడు కూడా అప్పుడప్పుడు ఎవరో నన్ను తెరుస్తారు. కాసేపు చూసి, ఉండబట్టలేక ఫోన్ చేస్తారు. ‘ఉల్లి’ తర్వాత ఏమిటండీ, పాయలా, కాడలా, గారెలా? దాలమ్మ నిచ్చెన మీదే ఉంటుంది. రంగు అంటకుండా ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కి పట్టుకుని, కళ్ళు బోర్డు మీంచి తిప్పకుండా చెబుతుంది.

“వొచ్చి సూసుకోండి బాబూ. ఇంకా రాత్తన్నాను.”